నిర్దేశ ఎలక్ట్రోడు సంరక్షణము

సంతలో వర్తకుని తక్కెడ యెంత మెరయుచున్నను, తూనికరాయి అరిగినదైనచో ఆ తూకము నమ్మరానిది. విద్యుద్రసాయన పరీక్షలలో అట్టి తూనికరాయి నిర్దేశ ఎలక్ట్రోడు. మీటరును కొనుటయందు చూపు ఉత్సాహమును దీనిని కాపాడుటయందు చూపకుండుట ప్రయోగశాలలకు తగదని మా యభిప్రాయము.

నీటిలోని ఫ్లోరైడును కొలుచు పద్ధతిని చూతము. ఇందులకు రెండు ఎలక్ట్రోడులు కావలెను. ఒకటి లాంథనం ఫ్లోరైడు స్ఫటికము గలది. ఫ్రాంటు, రాసు అను అమెరికా శాస్త్రజ్ఞులు 1966లో దీనిని ప్రకటించిరి. రెండవది, ఏ నీటిలో నుంచినను తన పొటెన్షియలును మార్చుకొనరాని నిర్దేశ ఎలక్ట్రోడు. సాధారణముగా ఇది సిల్వర్ క్లోరైడు పూతగల వెండితీగె. పొటాసియం క్లోరైడు ద్రావణములో మునిగియుండును. మీటరు చూపునది ఈ రెంటి భేదమే. కావున రెండవది చలించినను మీటరు ఆ దోషమును నీటిపైననే మోపును.

తెలుగువారి కిది చిన్న సంగతి కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరైడు నీటివలన గలుగు ఎముకల వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించిరి. నల్లగొండ సీమలో ఆ నీరు త్రాగి వెన్ను వంగిన వారిని ఎరుగని వారు లేరు. మన బాన్సువాడ ప్రాంతమునకు నిజాంసాగరపు కాలువలున్నను, బోరుబావుల వాడుకయు గలదు. లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఫ్లోరైడు రెండింతలైనచో పొటెన్షియలు మారునది సుమారు 18 మిల్లీవోల్టులే. మీటరును సరిచూచిన పిమ్మట నిర్దేశ ఎలక్ట్రోడు అంతమాత్రము జరిగినను, 2 మిల్లీగ్రాముల నీరు 1 మిల్లీగ్రాముగా కనబడవచ్చును. త్రాగరాని నీటికి మంచినీరను పేరు వచ్చును.

దీని సంరక్షణ కష్టమైనది కాదు. లోపలి ద్రావణము పరీక్షించు నీటిమట్టమునకంటె ఎత్తుగా నుండవలెను. లేనిచో బయటి నీరు లోనికి చొరబడును. కొలుచునపుడు ద్రావణము పోయు రంధ్రము తెరచి యుంచవలెను. అప్పుడే ద్రావణము కొంచెము కొంచెముగా బయటికి స్రవించును. లోపల గాలిబుడగ యున్నచో మెల్లగా తట్టి తొలగింపవలెను. పని ముగిసిన పిమ్మట స్వేదన జలముతో కడుగవలెనే గాని, అందులోనే నిలువ యుంచరాదు. పొటాసియం క్లోరైడు ద్రావణములోనే యుంచవలెను. కొనయందలి సన్నని రంధ్రములను ఉప్పు మూసినచో గోరువెచ్చని నీటిలో నానబెట్టవలెను.

పాడైనచో క్రొత్తది కొనవచ్చును గదా యని కొందరందురు. కాని యది పాడైనట్లు ఎవరు చెప్పుదురు? దీపమువలె ఆరిపోవునది కాదది. అంకెలను చూపుచునే దారి తప్పును. కావున ప్రతి ప్రయోగశాలయు అదే రకపు ఎలక్ట్రోడు నొకదానిని నిత్యపు పనికి వాడక, సాక్షిగా నుంచుకొనవలెను. వారమున కొకమారు రెంటిని ఒకే పొటాసియం క్లోరైడు ద్రావణములో నుంచి భేదమును చూడవలెను. అది కొద్ది మిల్లీవోల్టులను మించినచో శుభ్రపరుపవలెను. అప్పటికిని కుదరనిచో మార్పవలెను. తేదీతో ఆ అంకెను పుస్తకములో వ్రాయవలెను. ఈ పనిని విద్యార్థులకు వంతులవారీగా అప్పగించుట మేలు. వేసవి సెలవులలో సయితము ద్రావణ మెండిపోకుండ చూచు బాధ్యత ఒకరికి పేరుపేరున నుండవలెను.

విద్యార్థులారా, తూనికలయందును కొలతలయందును న్యాయము తప్పరాదని మన వేదగ్రంథము బోధించుచున్నది. ఆ బోధ అంగడివానికి మాత్రమే కాదు. బావినీటి సీసాను మన బల్లమీద నుంచి పోవు గ్రామస్థునకు ఎలక్ట్రోడు సంగతి తెలియదు. మనము చెప్పిన అంకెను నమ్మి తన బిడ్డలకు ఆ నీరు త్రావించును. ఆ నమ్మికకు తగినట్లు మన తూనికరాయిని కాపాడుకొందము.