డ్రిల్ పీరియడ్‌ను మింగిందెవరు?

పొద్దు గూకాక రాజమహేంద్రవరంలో, భీమవరంలో, అమలాపురంలో స్కూలు బస్సులు సందు మొగల్లో ఆగి పిల్లల్ని దించుతుంటాయి. పొద్దున ఎక్కిన పిల్లవాడు అప్పటిదాకా కూర్చునే ఉన్నాడు. బస్సులో, క్లాసులో, స్టడీ అవర్‌లో కూర్చున్నాడు. ఇంటికొచ్చి ట్యూషన్‌లో కూర్చుంటాడు. మధ్యలో ఆకలేస్తే గేటు పక్క బడ్డీ కొట్టులో చిప్స్ ప్యాకెట్టు, కూల్‌డ్రింకు. తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఒళ్లు చేస్తే ‘తిండి తగ్గించరా’ అని వాణ్నే మందలిస్తున్నాం. ఇది అన్యాయం. రోజంతా కూర్చోబెట్టింది మనం.

‘బొద్దుగా ఉంటేనేం, ఎదిగే వయసు, అదే తగ్గుతుంది’ అనే పెద్దలు మన జిల్లాల పాత లెక్క ఒకటి చూడాలి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో ఏడాది పాటు జరిగిన 1,354 మరణాలకు కారణాలేమిటో ఆరోగ్య కార్యకర్తలు ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవారే. అంటురోగాల వాటా 12 శాతం. దాదాపు ఆ రోజుల్లోనే గోదావరి పల్లెల్లో ముప్పై దాటినవాళ్లను పరీక్షిస్తే నూటికి 13 మందికి షుగరు ఉంది. వాళ్లలో ఎక్కువ మంది చిన్నప్పుడు కాలవ గట్ల వెంట నడిచి బడికెళ్లినవాళ్లు, ఊడ్పులూ కోతలూ ఎరిగినవాళ్లు. వాళ్లకే అలా ఉంటే, పద్నాలుగో ఏటనే నడుం చుట్టూ కొవ్వు పేరుకుంటున్న పిల్లలు నలభై ఏళ్లకు ఎలా ఉంటారు? ఈ ప్రశ్న మమ్మల్ని భయపెడుతోంది.

నెపం తాపేశ్వరం కాజా మీదా ఆత్రేయపురం పూతరేకు మీదా నెట్టడం తేలిక. అవి పండక్కో పెళ్లికో నోట్లో పడే తీపి. రోజూ చేటు చేసేది ప్యాకెట్టు. రావులపాలెం నుంచి అరటి గెలలు లారీలకెత్తి ఊళ్లు దాటిస్తున్నాం, ముంజలూ తేగలూ కాలం ప్రకారం మన ముంగిట్లోకే వస్తాయి, కొబ్బరిబోండాలకు కోనసీమ పుట్టిల్లు. అయినా పిల్లల చేతిలో ఉండేది ఉప్పూ నూనే పంచదారా! స్కూలు గేటుకు 50 మీటర్ల లోపు, క్యాంటీన్‌లో కూడా, ఇలాంటివి అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. ఏ బడి ముందైనా నిలబడి చూడండి, అది ఎంత అమలవుతోందో కళ్లకే తెలుస్తుంది. కొట్టువాడి పొట్ట కొట్టమని మేం అనడం లేదు. అరటిపళ్లు, ఉడకబెట్టిన వేరుశనగలు, మజ్జిగ అమ్ముకోనివ్వండి, మునిసిపాలిటీయే ముందుకొచ్చి సాయం చేయాలి.

సర్కారు బడి పిల్లలకు మధ్యాహ్నం గుడ్డు, చిక్కీ ఉన్నాయి. లంకల గన్నవరంలో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఆ భోజనానికి పెట్టారు. ఆ బడుల్లో బక్కచిక్కిన పిల్లలూ రక్తం తక్కువైన ఆడపిల్లలూ ఇంకా ఉన్నారు, వాళ్లను మరవకూడదు. కానీ లక్షలు గుంజే ప్రైవేటు బడుల్లో ఏం జరుగుతోంది? విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో నడిచే బడికి అది ఎక్కడుంది? టైంటేబుల్లో డ్రిల్ పీరియడ్ రాసి ఉంటుంది, ఆ గంటలో లెక్కల మాస్టారు వచ్చి పాఠం చెబుతారు. ఆటలాడించాల్సిన వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) పరీక్షల డ్యూటీలు చూసుకుంటారు. ఎదిగే పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, పదో తరగతి పిల్లలకు వారానికి గంట కూడా దక్కని బడులున్నాయి.

మైదానం లేని, డ్రిల్ పీరియడ్ మింగేసే బడికి గుర్తింపు పొడిగించకూడదు. ఈ మాట మేం మెత్తగా చెప్పలేం. విద్యాశాఖాధికారులు ముందు చెప్పకుండా వెళ్లి, ఆ గంటలో పిల్లలు ఎక్కడున్నారో చూడాలి. బడిలో పిల్లల బరువు తూచేటప్పుడు నలుగురి ముందు అంకె చదవొద్దు. క్లాసులో ‘లడ్డూ’ అని పేరు పడిన పిల్ల ఆటకు రావడమే మానేస్తుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చే జూన్‌లో ఫీజు కట్టే ముందు ర్యాంకుల ఫ్లెక్సీ దగ్గర ఆగకండి. గ్రౌండ్ చూపించమనండి. పిల్లలు అందులో ఏ రోజు, ఏ గంటకు ఆడతారో కాగితం మీద రాసిమ్మనండి.