ఈ-సిమ్ ఒక్కటే చాలునా?

సంపాదక మహాశయులకు,

మీ గత సంచికలో విదేశయాత్రికుల రోమింగ్ వ్యయమును నిరసించి, ఈ-సిమ్‌ను కొనియాడిన వ్యాసకర్త లెక్కలతో నాకు పేచీ లేదు గాని, స్వదేశపు సిమ్మును ఇంటనే విడిచి నిశ్చింతగా పయనింపవచ్చునన్న వారి సలహా మాత్రము మిక్కిలి అనర్థదాయకము. యాత్రికులకు విక్రయించు ఈ-సిమ్ములలో పెక్కింటికి డేటా తప్ప ఫోన్ నంబరే యుండదు. మన బ్యాంకు పంపు ఓటీపీ స్వదేశపు నంబరునకే గదా వచ్చును! కావున ఆ సిమ్మునకు అంతర్జాతీయ రోమింగును బయలుదేరుటకు మునుపే తెరిపించుకొని, దాని డేటాను మాత్రము ఆపివేసి, ఈ-సిమ్‌ను రెండవ లైనుగా వాడుకొనుట యుక్తము.

క్యూఆర్ కోడు ద్వారా ఈ-సిమ్‌ను దింపుకొనుటకును ఇంటర్నెట్టు కావలయును గనుక, ఆ పనిని విమానము దిగునంతవరకు వాయిదా వేయుట అవివేకము. టర్కీలోనైతే 2025 జూలైలో పలు విదేశీ ఈ-సిమ్ విక్రేతల వెబ్‌సైట్లనే నిరోధించిరి. మరియొక జాగ్రత్త: స్విట్జర్లాండు ఐరోపా సమాఖ్యలో లేదు. కావున ఐరోపా ప్లాను కొనువారు తాము పోవు దేశము అందున్నదో లేదో దేశముల పట్టికలో చూచుకొనవలెను.

ఇక బిడ్డలయొద్ద ఆరుమాసములుండుటకు అమెరికాకేగెడు తలిదండ్రులకు, నా దృష్టిలో, ఈ-సిమ్ ప్యాకుల కంటె పిల్లల కుటుంబ ప్లానులో ఒక లైను తీసుకొనుటయే మేలు.

పాఠకుల క్షేమము దృష్ట్యా ఈ సవరణను వచ్చు సంచికలో ప్రకటింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు