హైదరాబాదు నగరంలో ఫ్రెంచి చరిత్ర స్థలాలను బడి పిల్లలకు చూపించి బోధించుట గురించి తీర్మానం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల చరిత్ర ఉపాధ్యాయులు, గ్రంథాలయ పాఠకులు, పోటీ పరీక్షల అభ్యర్థులు చిక్కడపల్లిలో సమావేశమై, చర్చానంతరం ఆమోదించిన తీర్మానం.

ఈ సభ గమనించినదేమనగా: ఫ్రెంచివారి చరిత్ర తెలుగువారికి పరాయి చరిత్ర కాదు. గోల్కొండ సుల్తాను ఫర్మానాతో 1669లో మచిలీపట్నంలో వారి వర్తక స్థావరం ఏర్పడింది. ఆ ఊళ్లో ఫ్రెంచిపేట పేరు నేటికీ వాడుకలో ఉంది. 1751లో సలాబత్‌జంగ్ పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ దక్కన్ రాజకీయాల్లో అడుగుపెట్టాడు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు ఫ్రెంచివారికి దఖలు పడ్డాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను కూల్చిన ఫిరంగులు బుస్సీవే. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి వద్ద, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఇంగ్లీషువారి చేతిలో ఓడారు. సర్కారు జిల్లాలు ఎవరి పాలనలోకి పోవాలో ఆ రెండు ఓటములతోనే తేలిపోయింది.

ఈ సభ ఇంకా గమనించినదేమనగా: ఈ చరిత్ర రెండో ఘట్టం ఈ పేటలకు కూతవేటు దూరంలోనే జరిగింది. నిజాం కొలువులో ఫ్రెంచి పటాలాన్ని నడిపిన మిషెల్ జోషెం మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లోని గాస్కనీ ప్రాంతంలో పుట్టి, పాండిచ్చేరి మీదుగా దక్కన్‌కు వచ్చాడు. ఆయన హయాంలో ఫిరంగులు పోతపోసిన కార్ఖానా, జనం నోట ‘తోప్ కా సాంచా’, 1786 నాటిదని చెబుతారు. దాని పేరే గన్‌ఫౌండ్రీ పేటకు నిలిచింది. 1795లో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో ఆ పటాలం నిజాం తరఫున పోరాడింది. రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరు 22న, అప్పటికి పిరోన్ నాయకత్వంలో ఉన్న ఫ్రెంచి పటాలం ఆయుధాలు దించింది. యుద్ధం లేకుండానే నగరం చేతులు మారింది. ఆ మార్పును అమలు చేయించిన రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించిన భవనమే కోఠి మహిళా కళాశాలకు నెలవైంది.

ఈ సభ విచారిస్తున్నదేమనగా: చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు చాలక, చెట్ల కింద కుర్చీలు వేసుకుని బుస్సీ, లాలీ, ఫోర్డ్ వంటి సేనానుల పేర్లనూ తేదీలనూ వల్లెవేస్తున్న అభ్యర్థుల్లో చాలామంది గన్‌ఫౌండ్రీ గోడలను ఎన్నడూ చూడలేదు. మార్కులు బాగా వస్తాయని ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచిని రెండో భాషగా తీసుకునే పిల్లలకు ఈ నగరంతో ఆ భాషకున్న సంబంధాన్ని ఎవరూ చెప్పడం లేదు. దోషం పిల్లలది కాదు. పాఠం బిట్లుగా మారినచోట ఊరు పాఠంలోంచి జారిపోతుంది.

ఈ సభ తీర్మానించినదేమనగా: ఈ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఏడాదికి ఒకసారి గన్‌ఫౌండ్రీకి, కోఠి రెసిడెన్సీకి, మూసారాంబాగ్ దాపున ఆస్మాన్‌గఢ్‌లోని రేమండ్ సమాధికి తీసుకువెళ్లాలి. బస్సు మాట్లాడే ఖర్చు సాకు కారాదు. చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్ల నుంచి ఎంజీబీఎస్ చేరి, అక్కడ రైలు మారితే మూసారాంబాగ్ మూడో స్టేషను. సమాధి వద్ద ఉపాధ్యాయులు చూపించవలసినవి: ఎత్తయిన రాతి స్తంభం, దానిపై జె.ఆర్. అక్షరాలు, గ్రీకు శైలిలో స్తంభాలున్న మంటపం. ఆ మంటపం 2001లో కూలగా తిరిగి కట్టారన్న సంగతి కూడా పిల్లలకు చెప్పాలి. ఏది పాతదో, ఏది మళ్లీ కట్టినదో తెలుసుకోవడం కూడా చరిత్ర పాఠమే.

ఈ సభ తన వైఖరిగా నమోదు చేయునదేమనగా: ఈ సందర్శనలు పూలమాలల కార్యక్రమాలు కారాదు. రేమండ్ జీతానికి వచ్చిన సైనికుడు. ఆయనను హిందువులు మూసా రామ్ అనీ, ముస్లిములు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారన్న కథను జనశ్రుతిగానే చెప్పాలి. ఆయన సమాధి వద్ద దీపం పెట్టిన స్థానికుల ఆదరం నిజమైనదే; దాన్ని తీసిపారేయనక్కరలేదు, దానితోనే చరిత్ర ముగించనక్కరలేదు. బొబ్బిలి గురించి చెప్పేటప్పుడు తాండ్ర పాపారాయుడి సాహసంతో పాటు విజయనగరం, బొబ్బిలి సంస్థానాల వైరాన్ని బుస్సీ సైన్యం ఎలా వాడుకున్నదో, వారు బుస్సీని ఎలా వాడుకున్నారో రెండూ చెప్పాలి. ఈ అంశంపై ఒక సభ్యుడు ‘సమాధికి పిల్లలను తీసుకువెళ్లడమే గౌరవించడం అవుతుంది’ అన్న భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయించారు.

ఈ సభ తీర్మానించినదేమనగా: డిగ్రీ కళాశాలలు వీలైనచోట యానాం యాత్ర ఏర్పాటు చేయాలి. గోదావరి ఒడ్డున తెలుగు నేలలో ఉండి 1954 వరకు ఫ్రెంచి పాలనలో నిలిచిన ఊరు అది. శారదా చట్టం బాల్య వివాహాలను నిషేధించాక, చట్టం చెల్లని ఆ గడ్డకు వెళ్లి పెళ్లిళ్లు చేసుకున్నవారి వల్ల దానికి కల్యాణపురమన్న పేరు వచ్చింది. మంగళవారం సంతకు విదేశీ సరుకుల కోసం చుట్టుపక్కల తెలుగువారు వెళ్లేవారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం విముక్తి, నవంబరు 1న భారత ప్రభుత్వానికి పాలన అప్పగింత, 1962 ఆగస్టు 16న చట్టబద్ధ విలీనం: ఈ మూడు తేదీలను వేర్వేరుగా బోధించాలి. అక్కడి పెద్దల మాటలను విద్యార్థులు తెలుగులోనే రికార్డు చేసి గ్రంథాలయానికి ఇవ్వాలి. ఆ తరం తరిగిపోతున్నందున దీన్ని తొలి ఏడాదే చేపట్టాలి.

ఈ సభ పోలికకు గమనించినదేమనగా: మచిలీపట్నం ఇంగ్లీషువారి వశమైన 1759లోనే కెనడాలో క్వెబెక్ నగరం కూడా వారి వశమైంది. అంతకు నాలుగేళ్ల ముందు అకేడియా ప్రాంతపు ఫ్రెంచి రైతు కుటుంబాలను ఇంగ్లీషువారు వెళ్లగొట్టారు. ఆ ఘటనకు గుర్తుగా నిలిచిన గ్రాన్‌ప్రే ప్రాంతం 2012లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఓడినవారి ఊరును కూడా అక్కడ భద్రపరిచారు. ఇక్కడ ఫిరంగుల కార్ఖానా గోడ ఏమిటో పక్క వీధివారికి తెలియదు.

ఈ సభ కోరునదేమనగా: నగర కేంద్ర గ్రంథాలయంలో దక్కన్ ఫ్రెంచి చరిత్రపై తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాలకు ఒక బీరువా కేటాయించాలి. గన్‌ఫౌండ్రీ కట్టడం, రేమండ్ సమాధి వద్ద తెలుగులో సమాచార ఫలకాలు పెట్టాలి.

ఈ తీర్మానం ప్రతులను రాష్ట్ర విద్యాశాఖకు, వారసత్వ శాఖకు, నగర గ్రంథాలయ సంస్థకు, ఈ ప్రాంత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు పంపాలని నిర్ణయించడమైనది. రేమండ్‌పై వైఖరి మినహా మిగతా అంశాలన్నీ ఏకగ్రీవంగా, ఆ ఒక్కటీ మెజారిటీతో ఆమోదం పొందాయి.