ఒకే సాఫ్ట్‌వేర్ అనే భ్రమ

కంప్యూటర్‌పై గీసిన ఇంజనీరింగ్ డ్రాయింగులు, అంటే క్యాడ్ ఫైళ్ళు, ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు చేరేసరికి గీతలు చెదురుతున్నాయని, కొలతలు మారుతున్నాయని, అందువల్ల అందరూ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడితే చాలునని పరిశ్రమలో బలంగా నాటుకున్న అభిప్రాయం. ఇది నిలబడే వాదన కాదు. పైగా చిన్న సంస్థలపై మోయలేని ఖర్చు మోపుతుంది.

ఎయిర్‌బస్ ఎ380 చరిత్రే దీనికి సమాధానం. ఆ విమానాన్ని రూపొందించిన కేంద్రాలన్నీ దసో సిస్టమ్స్ వారి క్యాడ్ సాఫ్ట్‌వేర్ కాటియానే వాడాయి; అయితే జర్మనీ, స్పెయిన్ కేంద్రాలు నాలుగో వెర్షన్‌లోనూ, ఫ్రాన్స్, బ్రిటన్ కేంద్రాలు ఐదో వెర్షన్‌లోనూ పనిచేశాయి. ఐదోది పాతదానికి మెరుగులు దిద్దినది కాక దాదాపు కొత్తగా రాసినది కావడంతో, డిజైన్‌లో జరిగిన మార్పులు రెండింటి మధ్య సరిగా ప్రవహించలేదు. సుమారు 530 కిలోమీటర్ల విద్యుత్ తీగలు పరచవలసిన ఆ విమానంలో, జర్మనీలోని హాంబర్గ్‌లో సిద్ధమైన భాగాలు ఫ్రాన్స్‌లోని తులూజ్‌కు చేరాక కొన్నిచోట్ల తీగల పొడవు చాలలేదు. జాప్యానికి ఇది ఒక ప్రధాన కారణమైంది. తొలి విమానం 2007 అక్టోబరులో గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అందలేదు. పేరు ఒకటైనంత మాత్రాన ఫైళ్ళు ఒకదానికొకటి అర్థమవుతాయన్న హామీ అక్కడే వీగిపోయింది.

డ్రాయింగులో కనిపించే గీతల వెనుక కొలమానం, లేయర్లు, అంటే గీతలను వర్గాలుగా విడదీసే పొరలు, ఫాంట్లు, ఇతర ఫైళ్ళతో లంకెలు దాగి ఉంటాయి. ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ వాడే డీడబ్ల్యూజీ ఫైలు నిర్మాణాన్ని దాని తయారీదారు ఆటోడెస్క్ పూర్తిగా బయటపెట్టలేదు కనుక, 1998లో ఏర్పడిన ఓపెన్ డిజైన్ అలయన్స్ అనే సంస్థల కూటమి దాన్ని విప్పి చూసి తెలుసుకోవలసి వచ్చింది. మిల్లీమీటర్లలో గీసినదాన్ని ఎదుటివారు అంగుళాలుగా భావిస్తే, సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా భాగం ఇరవై అయిదు రెట్లకు పైగా పెరిగిపోతుంది.

అందరికీ తెరిచి ఉన్న ఫార్మాట్లు లోపరహితమని చెప్పడం కూడా సరికాదు. ఐఎస్ఓ 10303గా ప్రమాణీకరించిన స్టెప్ ఫార్మాట్ వస్తువు ఆకారాన్ని నమ్మకంగా మోస్తుంది గాని, ఆ ఆకారం ఏ క్రమంలో నిర్మితమైందో తెలిపే చరిత్రను సాధారణంగా వెంట తీసుకురాదు. అయినా భాగాన్ని కోసి తయారుచేసే వర్క్‌షాపుకు ఆకారం, కొలతలు, వాటిలో అనుమతించే తేడా అందితే సరిపోతుంది; ఆ చరిత్ర కోసం దానిచేత ఖరీదైన లైసెన్సు కొనిపించడం అన్యాయం. ఏ ఫార్మాట్, ఏ వెర్షన్, ఏ కొలమానం అన్నవి పని ఒప్పందంలోనే రాసుకుని, అసలు పని మొదలయ్యేముందు ఒక నమూనా ఫైలును అటూ ఇటూ పంపి, తిరిగి వచ్చినదాని కొలతలను మూలంతో సరిచూడడం పని అప్పగించేవారి బాధ్యత.