‘మేము’ అంటే ఎవరు?

మన కోనిలో 1983లో స్థాపితమైన విశ్వవిద్యాలయం గురు ఘాసీదాస్ పేరు ధరించింది. మానవులందరూ సమానులని ఛత్తీస్‌గఢ్ నేలపై బోధించిన మహనీయుడాయన. ఆ బోధ శాసనరూపం దాల్చిన తీరును ఈ మాసం ముచ్చటించదలచాము.

1787లో ఫిలడెల్ఫియాలో రచించిన అమెరికా రాజ్యాంగం ‘ప్రజలమైన మేము’ అని ఆరంభమవుతుంది. అధికారానికి మూలం ప్రజలే. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఒకదానినొకటి అదుపులో ఉంచుతాయి. సూత్రాలు ఉత్తమమైనవే. కాని బానిసత్వం 1865 వరకు రద్దు కాలేదు. స్త్రీ అన్న కారణంతో ఓటు నిరాకరించరాదన్న సవరణ 1920లో గాని రాలేదు.

మన రాజ్యాంగ సభలో బిలాస్‌పూర్ బారిస్టరు ఠాకూర్ ఛేదీలాల్, తెలుగునాటి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, దుర్గాబాయి సభ్యులు. ఆ సభ 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగం కుల, ధన, విద్యా భేదం లేకుండా స్త్రీపురుషులందరికీ తొలి సార్వత్రిక ఎన్నికలకే ఓటునిచ్చింది.

ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలకూ స్థానికులతో సమానమైన ఓటే ఉన్నది. అయితే బదిలీపై వచ్చినవారి పేర్లు వాటంతట అవి ఓటర్ల జాబితాకెక్కవు. గృహిణుల పేర్లు, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల పేర్లు అందులో ఉన్నాయో లేదో పాఠకులు సరిచూసుకోవాలని మా మనవి. పేరు లేనిచోట ఆ ‘మేము’లో మన గొంతు వినబడదు.