పొట్టు తీసిన రొయ్యకు హెచ్చు సుంకమా?

మన చెరువులలో పట్టిన రొయ్య పరదేశపు రేవున దిగినంతనే, అచ్చటి సుంకపు అధికారి తన పట్టిక చూచి దానికొక అంకె వేయును. ఆ అంకెను బట్టి సుంకము. సుంకమును బట్టి ఎగుమతిదారుడు చెరువుగట్టున మనకిచ్చు ధర. ఈ అంకెల సంగతి వర్తకులకు విడిచి ఊరకుండుట రైతులకు శ్రేయస్కరము కాదని మా అభిప్రాయము.

1988 జనవరి 1 మొదలుకొని ప్రపంచమున పెక్కు దేశములు ఒకే వర్గీకరణ పట్టికను అనుసరించుచున్నవి. అందు మొదటి ఆరంకెలు అందరికిని సమానము. తరువాతి అంకెలను, సుంకపు రేటును ఏ దేశమునకా దేశమే నిర్ణయించుకొనును. రొయ్యలకు సంబంధించి ముఖ్యమైన పద్దులు రెండు: 3వ అధ్యాయమున 0306, 16వ అధ్యాయమున 1605. పచ్చివి, మంచుగడ్డ కట్టించినవి, ఎండబెట్టినవి, ఉప్పు వేసినవి మొదటి పద్దున చేరును. వండి సిద్ధపరచినవి రెండవదానిలో చేరును.

చిక్కంతయు ఈ రెంటి నడుమ గట్టుననే కలదు. పొట్టుతో నీట ఉడికించిన రొయ్య 0306లోనే నిలుచును. అదే రొయ్యను పొట్టు ఒలిచి ఉడికించినచో 1605కు పోవును. చెరువొకటే, మేత యొకటే, ఉడుకునీరొకటే, భేదమంతయు పొట్టులోనే.

ఈ భేదము ఎంత ఖరీదైనదో చూడుడు. ఐరోపా సమాఖ్యలో, రాయితీలేవియు లేని సాధారణ సుంకము గడ్డకట్టించిన వనామీ రొయ్యకు 12 శాతము. సిద్ధపరచిన రొయ్యకు 20 శాతము. అనగా ముడిసరుకు పంపినవారికి తక్కువ పన్ను, దానికి పనితనము చేర్చి పంపినవారికి హెచ్చు పన్ను. ధాన్యమును మాత్రమే అమ్ముకొని, బియ్యము పట్టు లాభమును పరులకు విడువుమన్నట్లున్నది. ఒలుచు పని, ఉడికించు పని ఇచ్చట జరిగినచో ఆ కూలి మన షెడ్లలోని స్త్రీలకు దక్కును. లేనిచో సముద్రము దాటిపోవును.

అమెరికాలో కథ వేరు. ఇండియా నుండి వచ్చు గడ్డకట్టించిన రొయ్యపై 2005లో అచ్చటివారు విధించిన డంపింగు వ్యతిరేక సుంకము, వట్టిగా ఉడికించిన రొయ్యకును వర్తించినది. రొట్టెపొడి అద్దిన రొయ్యను మాత్రము విడిచినది. పలుచగా బియ్యపుపిండి గాని గోధుమపిండి గాని పట్టించిన రొయ్యకును, కొన్ని నియమములతో మినహాయింపు నిచ్చినది. గుప్పెడు పిండి సుంకమును తప్పించిన దన్నమాట! కావున సిద్ధపరచిన సరుకు అంతటను నష్టమే యనుటయు, అంతటను లాభమే యనుటయు పొరపాటు.

ప్రతి దేశమును తన పరిశ్రమను కాపాడుకొనునని కొందరందురు. నిజమే, మన దేశమును దిగుమతులపై సుంకము వేయుచునే యున్నది. మేము సుంకమును కాదనుట లేదు. కష్టమునకు హెచ్చు సుంకము, ముడిసరుకునకు తక్కువ సుంకము అను వరుసను మాత్రము కాదనుచున్నాము. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై అదనపు సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఒకే అంగడిని నమ్ముకొనుటలోని అపాయము అందరికిని తెలిసివచ్చినది. వేరు అంగళ్లు వెదకునపుడు అచ్చటి పద్దులను ముందే చదువుకొనవలదా?

అందుచే సభ్యులకు మా మనవి యిది. మన సరుకు ఏ రూపమున, ఏ పద్దు క్రింద పోవుచున్నదో ఎగుమతిదారుని సంఘము తరపున అడుగుడు. ఐరోపా సమాఖ్యలో, సరుకు పంపకముందే దాని వర్గమును వ్రాతమూలముగా తేల్పించుకొను వీలు కలదు. ఆ నిర్ణయము 3 సంవత్సరములు చెల్లును. అట్టి నిర్ణయమును సంపాదింపుడని వర్తకులను తొందరపెట్టుడు. వర్తక ఒడంబడికలలో 0306తో పాటు 1605కును సుంకము తగ్గింపవలెనని ప్రభుత్వమునకు సంఘములన్నియు తీర్మానములు పంపవలయును. ఒంటరి రైతు మాట రేవు వరకైనను చేరదు. సంఘము మాట సముద్రము దాటగలదు.