పంచాయతీ సొమ్ముకు మన పేరు అరువిస్తున్నామా?

మనీ లాండరింగ్ అనే మాట పత్రికల్లో కనబడగానే మనకు ముంబయి, దుబాయి, పెద్ద కంపెనీలు, హవాలా వ్యాపారులు గుర్తుకొస్తారు. నల్లమల అంచున ఉన్న లింగాల వంటి మండలానికి ఆ మాటతో ఏం పని అని అడిగేవారు చాలామంది ఉన్నారు. పని ఉంది. అన్యాయంగా తీసుకున్న సొమ్మును చేతులు మార్చి, వేరొకరి పేరు మీద న్యాయమైన సంపాదనలా చూపించడమే మనీ లాండరింగ్. దానికి విమానం ఎక్కనక్కరలేదు. ఒక దొంగ బిల్లు, ఒక అరువు ఖాతా చాలు.

2002లో పార్లమెంటు చేసిన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మోసం, ఫోర్జరీ, ప్రభుత్వోద్యోగుల లంచగొండితనం వంటి నేరాలు ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. వాటి ద్వారా వచ్చిన సొమ్మును దాచినా, చేతులు మార్చినా 3 నుంచి 7 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష. సొమ్ము తిన్నవాడికే కాదు, తెలిసి సహకరించినవాడికీ ఇదే శిక్ష. మన కుటుంబాలు గుర్తుంచుకోవలసింది ఈ చివరి మాటనే.

మన రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ చూద్దాం. 2017లో ప్రారంభమైన గొర్రెల పంపిణీ పథకాన్ని కాగ్ తనిఖీ చేసింది. గొర్రెలను తరలించినట్టు రాసిన వాహనాల నంబర్లలో కొన్ని మోటారు సైకిళ్లవి, అంబులెన్సులవి అని ఆ తనిఖీలో తేలింది. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన గొర్రెల అమ్మకందార్లు తమకు రావలసిన డబ్బు వేరేవారి ఖాతాల్లోకి పోయిందని ఫిర్యాదు చేశారు. ఏసీబీ, ఆ తర్వాత ఈడీ దర్యాప్తు చేపట్టాయి. దోషులెవరో తేల్చవలసింది న్యాయస్థానాలే. అయితే ఆ ఫిర్యాదు ఒక సంగతి చెబుతోంది. ఖాతా ఇచ్చేవాడు దొరకనిదే ఇలాంటి సొమ్ము కదలదు.

ఇక పంచాయతీ విషయానికి వద్దాం. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ తర్వాత గ్రామాలకు అధికారాలతో పాటు నిధులూ పెరిగాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకిచ్చే గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించింది. అంటే ఒక దొంగ బిల్లు పాసైతే ఏదో ఒక వాడలో నల్లా ఆగిపోతుంది, మోరీ పొంగుతుంది. ఆ వాడ తరచుగా పేదలదే అవుతుంది.

పూర్వం దొంగతనం ఎక్కువగా కూలి మస్టర్లలో జరిగేది. ఇందులో పాలమూరు అనుభవం విలువైనది. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా తొలి విడతలోనే ఉంది. ఆ సంవత్సరమే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలి కుటుంబాల యువకులే ఇంటింటికీ తిరిగి, ఎన్ని రోజులు పనిచేశావు, ఎంత ముట్టింది అని అడిగి రాసుకునేవారు. తర్వాత గ్రామసభలోనూ మండల కేంద్రంలోని బహిరంగ విచారణలోనూ ఆ లెక్కను బిగ్గరగా చదివేవారు. వలసపోయినవారి పేరుతో, చనిపోయినవారి పేరుతో కూలి తీసుకుంటే ఆ చదువులో బయటపడేది.

మరి దొంగతనం ఆగిందా? ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ తనిఖీల నివేదికలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. సులభంగా పట్టుబడే కూలి అక్రమాలు తగ్గితే, పట్టుకోవడం కష్టమైన సామగ్రి అక్రమాలు పెరిగాయని అందులో తేల్చారు. గల్లంతైన సొమ్ములో 87 శాతం తిరిగి రాలేదనీ, ఉద్యోగం పోయినవారు నూటికి ఒక్కరు కూడా లేరనీ రాశారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, పేరు నలుగురిలో చదివితే దొంగ భయపడతాడు. రెండవది, ఒక తలుపు మూస్తే వాడు ఇంకో తలుపు వెతుక్కుంటాడు. ఇప్పటి తలుపు సామగ్రి బిల్లు. ఇసుక, సిమెంటు, పైపులు, వీధి దీపాలు, ట్రాక్టరు కిరాయి, ఇవన్నీ ఏదో ఒక పేరుతో, ఏదో ఒక ఖాతాకు పోతాయి. ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పథకాల పేర్లు మారుతాయి గాని ఈ తలుపు మారలేదు.

సర్పంచులందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. అప్పు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక ధర్నాలు చేసిన మాజీ సర్పంచులను తెలంగాణ చూసింది. అప్పుల్లో మునిగిన సర్పంచ్ తన డిజిటల్ సంతకపు కీని అప్పిచ్చిన కాంట్రాక్టరు చేతిలో పెడితే ఇక ఊరి ఖజానాకు తాళం ఎక్కడిది? బిల్లులు సకాలంలో చెల్లించడం కూడా అవినీతి నిరోధమే. ప్రభుత్వం ఈ బాధ్యత తప్పించుకోరాదు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలంటోంది. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన సాగి, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. కొత్త పాలకవర్గాలు వచ్చిన ఈ సమయంలోనే అడగడం అలవాటు చేసుకోవాలి. ఏ పని, ఎంత బిల్లు, ఏ దుకాణానికి, ఆ దుకాణం ఎక్కడుంది? ఎంబీ పుస్తకంలో రాసిన కొలత మోరీ దగ్గర సరిపోయిందా? జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. గ్రామస్థాయిలో దానికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కేంద్రం 2020లో ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీ చెల్లింపుల వివరాలుంటాయి. ఫోను పట్టుకున్న మన పిల్లలు వాటిని చూసి పెద్దలకు చదివి వినిపించవచ్చు. అడవి లోపలి చెంచు పెంటల వాళ్లకు ఈ వసతి కూడా అందదు. వారి పేరున రాసిన పనుల లెక్కను కూడా మనమే అడగాలి.

మన ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: ‘ఊళ్లో మన ఇళ్లు కొన్నే, మనకెందుకు ఈ తగాదా?’ ఈ భయాన్ని మేము తేలికగా తీసివేయడం లేదు. అందుకే ఒంటరిగా కాదు, నాలుగు వాడలవారితో కలిసి అడగమంటున్నాం. అడగడం కష్టమైనా, ఇవ్వకపోవడం మన చేతిలో ఉంది. ‘నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇవ్వు, నీకు రెండు వేలు’ అని ఎవరైనా మన పిల్లవాడిని అడిగితే, పాస్‌బుక్కు గాని, ఆధార్ గాని, ఏటీఎం కార్డు గాని ఇవ్వవద్దని తల్లిదండ్రులు గట్టిగా చెప్పాలి. ఆ రెండు వేలు పక్కవాడి నల్లా నీళ్ల నుంచి తీసినవి. కేసు వచ్చిన రోజు కాగితం మీద ఉండేది మన బిడ్డ పేరే.

జుమా తర్వాత మసీదు చందా హిసాబ్ చదివి వినిపించడం, బోర్డు మీద రాయడం మనలో చాలామందికి తెలిసిన పద్ధతే. పది రూపాయలు తేడా వచ్చినా నిలబడి అడుగుతాం. అది అమానత్ కనుక అడుగుతాం. పంచాయతీ సొమ్మూ అమానతే. అందులో హిందువుల హక్కుంది, ముసల్మానుల హక్కుంది, చెంచు బిడ్డల హక్కుంది. వచ్చే గ్రామసభకు ఇంటికొకరు, వీలైతే ఆడవారు కూడా వెళ్లి, ఈ రెండు నెలల బిల్లులు పేర్లతో సహా చదవమని అడగండి.